మందు కుదిరేదాకా: ఆటిజంతో పాటు ద్విధ్రువ మనోవ్యాధి, ఆందోళన ఉన్నవారి చికిత్స

ఒకే మనిషిలో ఆటిజం, ద్విధ్రువ మనోవ్యాధి, ఆందోళన మూడూ కలిసి ఉండటం వింత విషయం కాదు. ఆటిజం గలవారిలో ఆందోళన చాలా ఎక్కువగా కనబడుతుంది. ద్విధ్రువ వ్యాధి కూడ సామాన్య జనులలో కంటె కొంత ఎక్కువే. వైద్యులు బైపోలార్ అని పిలిచే ఈ వ్యాధిలో మనిషి కొంతకాలం ఉద్రేకపు కొసన, కొంతకాలం క్రుంగుబాటు కొసన ఉంటాడు. నడుమ మామూలుగా గడిచే రోజులూ ఉంటాయి. ఈ మూడింటికీ కలిపి పనిచేసే మాత్ర ఏదీ లేదు. ఒకదానికి మేలు చేసే మందు మరొకదానికి కీడు చేయవచ్చు. అందువలన మందు కుదరడానికి నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరాలు పడుతుంది. చాలా కుటుంబాలు ఈ కాలంలోనే విసిగిపోయి వైద్యుని మార్చడమో, మందు మానివేయడమో చేస్తాయి.

సరిహద్దు గ్రామాల వారికి ఇందులో మరొక చిక్కు ఉన్నది. బళ్ళారి, కోలారు, హోసూరు ప్రాంతాల తెలుగువారు బెంగళూరు నిమ్హాన్స్‌కు వెళుతుంటారు. వేలూరు పరిసరాలవారు క్రైస్తవ వైద్య కళాశాలకు చెందిన బాగాయం మానసిక వైద్యశాలకు, బరంపురం వైపువారు అక్కడి వైద్యకళాశాలకో విశాఖపట్నానికో, యానాం వారు కాకినాడకు, మహారాష్ట్ర సరిహద్దువారు హైదరాబాదు ఎర్రగడ్డకు పోతారు. ఇంట తెలుగు, ఆసుపత్రిలో కన్నడమో తమిళమో ఒడియానో, చీటీ మీద ఇంగ్లీషు. రెండు రాష్ట్రాల వైద్యులు ఒకరికి తెలియకుండా ఒకరు రాసిన చీటీలు ఒకే సంచిలో ఉంటాయి. రెండు చీటీల మందులూ కలిపి మింగడం వలన కలిగే ప్రమాదం చిన్నది కాదు.

ఏది ఆటిజం, ఏది ఉద్రేకం?

ఆటిజం పుట్టుకతో వచ్చే భేదం, మెదడు ఎదిగే తీరులోని భేదం. 1943లో అమెరికాలో లియో కానర్, 1944లో వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ దీనిని విడివిడిగా వర్ణించారు. దీని మూల లక్షణాలను పోగొట్టే మందు ఇంతవరకు లేదు. ఈ మాట మొదటే తెలిసికొనడం మంచిది. ఎందుకంటే ఆటిజం సహజ లక్షణాలను వ్యాధిగా భావించి మోతాదు పెంచుతూ పోవడం, లేదా నిజమైన వ్యాధిని "వాడి స్వభావమే అంత" అని వదలివేయడం, రెండూ జరుగుతున్నాయి.

ఒక యువకుడున్నాడనుకొందాము. చిన్ననాటి నుండి అతనికి రైళ్ళంటే ప్రాణం. గుంతకల్లు మీదుగా పోయే బండ్ల పేర్లు, వేళలు కంఠస్థం. ఎవరు కనబడినా అవే చెబుతాడు, ఎదుటివారు విసుగు చెందినా గ్రహించడు. ఇది ఆటిజం, దీనికి మాత్ర అక్కరలేదు. అదే యువకుడు వారం రోజులుగా రాత్రికి రెండు గంటలే నిద్రించి, అలసట లేకుండా లేచి, మాటకు మాట అందకుండా మాట్లాడుతూ, తమ ఊరికి తానే రైలు మార్గం వేయిస్తానని చెప్పి ఇంట్లోని డబ్బు పంచిపెట్టడం మొదలుపెడితే, అది ఉద్రేకం. రైలు మాట రెండు చోట్లా ఉన్నది. తేడా నిద్రలో, వేగంలో, ఖర్చులో ఉన్నది. అతనిని ఇతరులతో కాక అతనితోనే పోల్చి చూడాలి. వైద్యుల లెక్కలో పూర్తి ఉద్రేకం కనీసం వారం రోజులు, తేలికపాటి ఉద్రేకం కనీసం 4 రోజులు, క్రుంగుబాటు కనీసం 2 వారాలు ఉండాలి. గంటలో వచ్చి గంటలో పోయే కోపం చాలావరకు ఈ కోవలోనికి రాదు.

ఆందోళనను గుర్తించడం ఇంకా కష్టం. ఆటిజం గల చాలామంది తమ లోపలి స్థితికి పేరు పెట్టలేరు. భయంగా ఉన్నదని అనరు; కడుపునొప్పి అంటారు, అన్నం మానివేస్తారు, ఒకే ప్రశ్న నలభైసార్లు అడుగుతారు. పెండ్లి మైకు, జాతర రద్దీ, బస్సు వేళ మారడం, కొత్త ఉపాధ్యాయుడు, ఇటువంటి కారణం ఉన్నప్పుడు ముందు ఆ కారణాన్ని తగ్గించాలి. చెవులకు రక్షణ, రేపటి కార్యక్రమం ముందుగా బొమ్మలతో చూపడం, రద్దీ లేని వేళలో ప్రయాణం వంటివి ఏ మందుకూ తీసిపోవు. ఆటిజం గలవారికి అనువుగా మార్చిన ప్రవర్తనా చికిత్స కూడ ఆందోళనకు పనిచేస్తుంది.

హఠాత్తుగా కోపం, తల బాదుకొనడం మొదలైతే మరొక సంగతి చూడాలి. పంటినొప్పి, చెవిపోటు, మలబద్ధకం చెప్పుకోలేని వ్యక్తికి ఆ నొప్పే కోపంగా బయటపడుతుంది. పన్ను పీకించవలసిన చోట మత్తుమాత్ర వేసిన సందర్భాలు తక్కువేమీ కావు.

ముందు ఏ మందు, తరువాత ఏ మందు

ఈ మూడూ కలిసిన చోట వరుస చాలా ముఖ్యం. ఆందోళనకు సాధారణంగా మొదట రాసేవి ఫ్లూయాక్సెటిన్, సెర్ట్రాలిన్, ఎస్సిటలోప్రామ్ వంటి మందులు. ద్విధ్రువ వ్యాధి ఉన్నదని తెలియక వీటిని మాత్రమే ఇస్తే కొందరిలో మనసు ఉద్రేకపు కొసకు దూకుతుంది. ఆటిజం గలవారిలో చిన్న మోతాదుకే నిద్రలేమి, కుదురులేమి, దుడుకుతనం కనబడవచ్చు. పైగా ఆటిజంలో పదేపదే చేసే చేష్టలకు ఈ మందులు ఉపయోగపడతాయన్న ఆశ కూడ నిలువలేదు. అమెరికాలో 149 మంది పిల్లలపై సిటలోప్రామ్‌ను పరీక్షించి 2009లో ప్రకటించిన ఫలితాలలో, ఉత్తుత్తి మాత్ర కంటె అది ఎక్కువ మేలు చేయలేదు. కుదురులేమి మాత్రం ఎక్కువైనది.

కాబట్టి ముందు మనఃస్థితిని నిలకడ చేసే మందు, అది కుదిరిన పిమ్మటనే అవసరమైతే ఆందోళనకు మందు. నిద్ర, ఉద్రేకం సర్దుకొనగానే ఆందోళనలో సగం దానంతటదే తగ్గిపోయే వారూ ఉన్నారు. వంశంలో ఎవరికైనా ఉద్రేకం, ఆత్మహత్య, దీర్ఘకాలపు క్రుంగుబాటు ఉండి ఉంటే మొదటి రోజే వైద్యునికి చెప్పాలి. పెండ్లి సంబంధాలకు భయపడి దానిని దాచడం వలన తప్పు మందు మొదలయ్యే అవకాశం ఉన్నది.

లిథియం

మనఃస్థితిని నిలకడ చేసే మందులలో పాతది, ఇప్పటికీ గట్టిది లిథియం. ఇది ఒక లవణం. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ ఉద్రేకవ్యాధిలో దీని గుణాన్ని ప్రకటించాడు. 2010లో వెలువడిన బ్యాలెన్స్ అనే పరిశోధనలో 330 మంది రోగులను పరిశీలించగా, వ్యాధి తిరగబెట్టకుండా ఆపడంలో వాల్‌ప్రోయేట్ కంటె లిథియమే మేలని తేలింది. ఆత్మహత్యలను తగ్గిస్తుందన్న పేరు కూడ దీనికి ఉన్నది. ధర తక్కువ, భారత ప్రభుత్వపు అత్యవసర ఔషధాల జాబితాలో ఉన్నది.

అయితే ఔషధానికీ విషానికీ నడుమ దూరం లిథియంలో చాలా తక్కువ. రక్తంలో లీటరుకు 0.6 నుండి 1.0 మిల్లీఈక్వివలెంటు వరకు ఉంటే నిలకడకు సరిపోతుంది. 1.5 దాటితే విషలక్షణాలు మొదలుకావచ్చు. అందుకే రక్తపరీక్ష తప్పనిసరి. చివరి మాత్ర వేసికొన్న 12 గంటలకు రక్తం ఇవ్వాలి. రాత్రి 9 గంటలకు మాత్ర వేసికొంటే ఉదయం 9 గంటలకు రక్తం ఇచ్చి, ఆ తరువాతనే ఉదయపు మాత్ర వేసికొనాలి. తెల్లవారుజామున బస్సెక్కి, దారిలో మాత్ర మింగి, పదింటికి ప్రయోగశాలకు చేరితే ఆ అంకె తప్పుగా ఎక్కువ చూపిస్తుంది, దానినిబట్టి మోతాదు అనవసరంగా తగ్గిస్తారు. మోతాదు మార్చిన ప్రతిసారీ సుమారు వారానికి ఒక పరీక్ష, నిలకడ వచ్చిన పిమ్మట కొన్ని నెలలకొక పరీక్ష. వీటితో పాటు మూత్రపిండాలు, థైరాయిడ్ పరీక్షలు ఆరునెలలకొకసారి.

బళ్ళారి, రాయచూరు, కర్నూలు ఎండలలో లిథియం వాడేవారి ఇంటివారు తెలిసికొనవలసినది మరొకటి ఉన్నది. చెమటతో నీరు, ఉప్పు పోయినప్పుడు మూత్రపిండాలు లిథియంను శరీరంలోనే నిలుపుకొంటాయి. మోతాదు మారకున్నా రక్తంలో అది పెరిగిపోతుంది. వాంతులు, విరేచనాలు, జ్వరం, నీళ్ళు కూడ ముట్టని ఉపవాసం, రక్తపోటు కొరకు హఠాత్తుగా ఉప్పు మానడం, అన్నింటి ఫలితమూ ఇదే. ఆటిజం గలవారిలో కొందరికి దాహం తెలియదు, లేదా తెలిసినా అడగరు. వేసవిలో గంట కొట్టినట్లు వేళకు నీళ్ళు ఇవ్వవలసిన బాధ్యత ఇంటివారిదే.

ఒళ్ళునొప్పులకు ఊరి ఆర్‌ఎంపీ వైద్యుడు వేసే డైక్లోఫెనాక్ ఇంజెక్షను, ఐబుప్రొఫెన్ మాత్ర కూడ లిథియంను పెంచుతాయి. రక్తపోటుకు ఇచ్చే ఎనలాప్రిల్, రామిప్రిల్, లోసార్టన్, టెల్మిసార్టన్, మూత్రం జారీచేసే థయజైడ్ మాత్రలు సైతం అంతే. నొప్పికి పారాసిటమాల్ మేలు. "లిథియం వాడుతున్నాడు" అన్న రెండు మాటలు ప్రతి వైద్యునికీ, దంతవైద్యునికి కూడ, ముందుగా చెప్పాలి.

చేతులు పెద్దగా వణకడం, నడకలో తూలడం, మాట ముద్దగా రావడం, వాంతులు, మగత కనబడితే అది లిథియం విషం కావచ్చు. తరువాతి మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవాలి. తాగి ఉన్నాడనుకొని పడుకోబెట్టడం ప్రాణాంతకం. చేతివేళ్ళలో సన్నని వణుకు, దాహం, ఎక్కువసార్లు మూత్రం మాత్రం మామూలు మోతాదులోనూ ఉండవచ్చు. వాటిని తరువాతి సందర్శనలో చెబితే చాలు.

మిగిలిన మందులు

వాల్‌ప్రోయేట్ ఉద్రేకాన్ని త్వరగా దించుతుంది. మూర్ఛ కూడ ఉన్నవారికి, ఆటిజంలో మూర్ఛ ఎక్కువ కాబట్టి, రెండింటికీ ఒకటే మందు అవుతుంది. కాని పిల్లలు కనే వయసులోని స్త్రీలకు దీనిని రాయకుండా ఉండటమే నేటి పద్ధతి. గర్భిణిగా ఉండగా వాడితే సుమారు 10 శాతం శిశువులలో అవయవ లోపాలు, 30 నుండి 40 శాతం పిల్లలలో ఎదుగుదల సమస్యలు వస్తాయని లెక్కలున్నవి. ఆడపిల్ల చీటీలో ఈ పేరు కనబడితే వైద్యుని అడగడానికి సంకోచించనక్కరలేదు. అయితే భయపడి సొంతంగా ఆపరాదు.

లామోట్రిజిన్ క్రుంగుబాటు తిరిగి రాకుండా ఆపడంలో మంచిది, ఉద్రేకంలో పెద్దగా పనిచేయదు. దీనిని చీమ నడకగా పెంచాలి. పెద్దవారికి సాధారణంగా మొదటి రెండు వారాలు 25 మిల్లీగ్రాములు, తరువాతి రెండు వారాలు 50. వాల్‌ప్రోయేట్ తోడుగా ఉంటే అందులో సగమే. తొందరపడి పెంచితే ప్రమాదకరమైన చర్మవ్యాధి రావచ్చు. దద్దురు, నోటిపూత, జ్వరం కనబడితే అదేరోజు వైద్యునికి చూపాలి. మధ్యలో కొన్ని రోజులు మానివేసినవారు పాత మోతాదుతో తిరిగి మొదలుపెట్టకూడదు. ఊరికి వెళ్ళి మాత్రలు మరచివచ్చినవారు చేసే తప్పు ఇదే.

రిస్పెరిడోన్, అరిపిప్రజోల్, క్వెటియాపిన్, ఒలాంజపిన్ మరొక వర్గం. ఆటిజం గల పిల్లల తీవ్ర చిరాకుకు అమెరికా ఔషధ సంస్థ 2006లో రిస్పెరిడోన్‌ను, 2009లో అరిపిప్రజోల్‌ను అనుమతించింది. అనుమతి చిరాకుకే గాని ఆటిజానికి కాదు. ఇవి ఉద్రేకంలోనూ పనిచేస్తాయి. ఒలాంజపిన్, క్వెటియాపిన్‌లతో బరువు, చక్కెర, కొవ్వు పెరుగుతాయి. మొదలుపెట్టే నాటి బరువు, నడుము కొలత, పరగడుపు చక్కెర రాసి ఉంచుకొనడం మంచిది.

ఈ వర్గపు మందులతో, ముఖ్యంగా అరిపిప్రజోల్, రిస్పెరిడోన్‌లతో, కొందరికి కాళ్ళలో చెప్పలేని తపన కలుగుతుంది. కూర్చోలేరు, నిలువలేరు, ఇంటిలో అటూఇటూ తిరుగుతూనే ఉంటారు. మాటలు గల మనిషి ఆ బాధ చెప్పుకొంటాడు. ఆటిజం గల మనిషి చెప్పలేడు. ఇంటివారు "జబ్బు పెరిగింది" అంటారు, వైద్యుడు మోతాదు పెంచుతాడు, తపన ఇంకా పెరుగుతుంది. ఈ వలయం నుండి బయటపడే మార్గం తేదీలే. తిరగడం మందు మొదలుపెట్టిన తరువాతనా, అంతకు ముందునుండియా? ఈ ఒక్క ప్రశ్నకు సరియైన సమాధానం ఉంటే వైద్యుడు మందు తగ్గించవలసినదో పెంచవలసినదో తేల్చగలడు.

ఆందోళనకు అల్ప్రజోలం, క్లోనజెపామ్ వంటి మత్తుమాత్రలు మందుల దుకాణంలో సులభంగా దొరుకుతాయన్న పేరున్నది. చట్టం మాత్రం అందుకు ఒప్పదు. అల్ప్రజోలం 2014 నుండి హెచ్-1 షెడ్యూలులో ఉన్నది. చీటీ లేనిదే ఇవ్వరాదు, అమ్మకం పుస్తకంలో రాయాలి. కొన్ని వారాలు మించితే ఇవి అలవాటు అవుతాయి. ఆటిజం గల కొందరిలో శాంతికి బదులు అల్లరి పుట్టిస్తాయి. చాలాకాలం వాడినవారు ఒక్కసారిగా మానితే మూర్ఛ రావచ్చు, కనుక తగ్గించడం కూడ మెల్లగానే జరగాలి.

నోటుపుస్తకం, భాష

రెండు మందులు ఒకేసారి మారిస్తే మేలు దేనివలనో కీడు దేనివలనో తెలియదు. అత్యవసర స్థితిలో తప్ప ఒక సమయంలో ఒక్క మార్పే చేయమని వైద్యుని కోరవచ్చు. ఆటిజం గలవారికి తక్కువ మోతాదుతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచడం వాడుక. ప్రతి మందుకూ దాని గడువు ఉన్నది. లిథియంకు ఉద్రేకంలో ఒకటి రెండు వారాలు, సెర్ట్రాలిన్ వంటివాటికి నాలుగు నుండి ఆరు వారాలు, లామోట్రిజిన్‌కు సరియైన మోతాదు చేరడానికే ఆరు వారాలు. పదవ రోజున "ఈ మందు మావాడికి పడలేదు" అని మార్చుకొంటే ఒక మంచి మందును పోగొట్టుకొన్నట్లే. చీటీలో "పనిచేయలేదు" అన్న ముద్ర పడిన మందును తరువాతి వైద్యుడు మళ్ళీ ముట్టడు.

నూరు పేజీల నోటుపుస్తకం చాలు. తేదీ, ఎన్ని గంటలు నిద్ర, తిండి, మాట వేగం, మందు పేరు, మోతాదు, ఆనాటి విశేషం. స్త్రీలైతే నెలసరి తేదీలు కూడ. మందు పేరు రాయునప్పుడు కంపెనీ పేరుతో పాటు అసలు పేరు కూడ రాయాలి. ఒకే మందు రెండు కంపెనీల పేర్లతో రెండు చీటీలలో ఉండి, రెండూ మింగిన ఉదంతాలు ఈ విధంగానే బయటపడతాయి.

భాష తెచ్చే పొరబాట్లు వేరు. తెలుగులో నీరసం అంటే ఒంటిలో శక్తి లేకపోవడం. కన్నడంలో నీరస అంటే చప్పన, రుచిలేనిది. మన గాభరాను కన్నడిగులు గాబరి అని, తమిళులు పదట్టం అని అంటారు; వేడి చేసింది, గాలి సోకింది అన్న మాటలకు ఆసుపత్రిలో అర్థమే ఉండదు. విశేషణాలకు బదులు అంకెలు చెప్పడం అన్నిటికంటె క్షేమం. "నిద్ర సరిగా లేదు" అనడం కంటె "ఐదు రాత్రులుగా మూడేసి గంటలు" అంటే ఏ భాష వైద్యునికైనా అందుతుంది. ఇంటిలో భాష వచ్చిన చిన్నపిల్లను దుబాసీగా నిలబెట్టడం తగదు. అన్న ఆత్మహత్య మాటలను పదేళ్ళ చెల్లెలి నోట పలికించకూడదు.

మాత్ర రంగు మారితే నోట పెట్టనివారు ఆటిజంలో చాలామంది. దుకాణదారు కంపెనీ మార్చినప్పుడు పాత అట్ట, కొత్త అట్ట పక్కపక్కన పెట్టి ముందురోజే చూపాలి. చేదు పడనివారికి వాల్‌ప్రోయేట్, రిస్పెరిడోన్‌లలో ద్రవరూపం దొరుకుతుంది. నెమ్మదిగా కరిగే మాత్రలను నూరి పెరుగన్నంలో కలపరాదు. రోజంతటికి ఉద్దేశించిన మందు ఒక్కసారిగా ఒంటికెక్కుతుంది.

బాగున్నాడని మానివేయడం ఈ వ్యాధిలో అతి సాధారణమైన, అతి ఖరీదైన పొరపాటు. లిథియంను హఠాత్తుగా ఆపినవారిలో ఉద్రేకం కొన్ని వారాలలోనే తిరగబెట్టవచ్చు. దుష్ఫలితాలు భరింపరానివైతే వైద్యుని చేతనే నెమ్మదిగా తగ్గింపజేయాలి.

దగ్గరలోని సహాయం

ప్రతిసారీ నగరానికి పోవలసిన పని లేదు. 1980ల ద్వితీయార్ధంలో నిమ్హాన్స్ వారు బళ్ళారి జిల్లాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల ద్వారా మానసిక చికిత్స అందించి చూశారు. ఆ నమూనా మీదనే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం నాలుగు జిల్లాలలో మొదలై తరువాత దేశమంతటా విస్తరించింది. మందు కుదిరిన పిమ్మట నెలనెలా మాత్రలు, రక్తపరీక్షలు జిల్లా ఆసుపత్రిలో పొందవచ్చునా అని పెద్ద వైద్యుని అడిగి, ఆ మేరకు చీటీ మీద రాయించుకొంటే బస్సు ఖర్చు మిగులుతుంది. మానసిక చికిత్స పొందడం 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం హక్కు.

2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ 14416 నంబరుకు పగలు రాత్రి ఎప్పుడైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. ఏ రాష్ట్రంలో ఉన్నా తెలుగు భాషను ఎంచుకొనే వీలున్నది. మూడు రాత్రులుగా నిద్ర లేకపోవడం, చనిపోతాననడం, తిండి నీరు మానడం కనబడినప్పుడు తరువాతి నెల తేదీ కొరకు ఆగరాదు.

ఆటిజం, మానసిక వ్యాధి రెండూ 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాలలో ఉన్నవి. ధ్రువపత్రం నివసించే రాష్ట్రంలో తీసికొనవచ్చు. అది దేశమంతటా చెల్లుతుంది. ఆటిజం గలవారికి నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమా పథకం 1 లక్ష రూపాయల వరకు వైద్యఖర్చులు భరిస్తుంది. దరఖాస్తుకు ముందుగా కావలసినది ఆ ధ్రువపత్రమే.